అమెరికా హాస్య కార్టూన్ లఘుచిత్రాలలో జాతుల చిత్రణ

అమెరికా హాస్య కార్టూన్ లఘుచిత్రాలలో జాతుల చిత్రణ అనేది సినిమా చరిత్రకూ, సామాజిక చరిత్రకూ సంబంధించిన అంశం. 1920ల చివరి నుండి 1960ల వరకు హాలీవుడ్ స్టూడియోలు సినిమా హాళ్ళ కొరకు నిర్మించిన చిన్న యానిమేషన్ చిత్రాలలో ఆఫ్రికన్ అమెరికన్లు, మెక్సికన్లు, అమెరికా మూలవాసులు, జపనీయులు, యూదులు మొదలైన వారిని ఏ విధంగా చూపించారు, ఆ చిత్రణపై ఎటువంటి నిరసనలు వచ్చాయి, తరువాతి కాలంలో ఆ చిత్రాలను ఏమి చేశారు అనే విషయాలు ఇందులోకి వస్తాయి. టామ్ అండ్ జెర్రీ, లూనీ ట్యూన్స్, మెర్రీ మెలొడీస్ వంటి ప్రపంచ ప్రసిద్ధి చెందిన చిత్రమాలికలు ఈ చర్చలో ప్రధానంగా ప్రస్తావనకు వస్తాయి. ఈ చిత్రాలలో కొన్ని ఆస్కార్ పురస్కారాలు పొందినవి. కళా నైపుణ్యంలో ఉత్తమమైన చిత్రాలలోనే అవమానకరమైన చిత్రణ కూడా ఉండటం వలన, వాటిని దాచాలా, కత్తిరించాలా, వివరణతో యథాతథంగా చూపాలా అన్న ప్రశ్నపై అర్ధశతాబ్దికి పైగా వాదోపవాదాలు జరిగాయి.

హాస్య పద్ధతి

కొట్టుకోవడం, జారిపడటం, వెంటపడి తరమడం వంటి శారీరక చేష్టల ద్వారా పుట్టించే హాస్యాన్ని స్లాప్‌స్టిక్ అంటారు. 16వ శతాబ్దంలో ఇటలీలో వృద్ధి చెందిన కామెడియా డెల్లార్టే అనే నాటక సంప్రదాయంలో నటులు ఒకరినొకరు కొట్టుకొనుటకు రెండు పలుచని చెక్కబద్దలు కలిపి చేసిన కర్రను వాడేవారు. దెబ్బ మెల్లగా తగిలినా చప్పుడు మాత్రం పెద్దగా వచ్చేది. ఆ కర్ర పేరే ఈ హాస్యానికి స్థిరపడింది.

సాధారణంగా ఆరు నుండి ఎనిమిది నిమిషాల నిడివి గల ఈ లఘుచిత్రాలను పూర్తి నిడివి చిత్రానికి ముందు ప్రదర్శించేవారు. ఇంత తక్కువ సమయంలో పాత్రను నింపాదిగా పరిచయం చేయడానికి వీలుండదు. తెరపై కనబడిన మరుక్షణమే ఆ పాత్ర ఎవరో, ఎలా ప్రవర్తిస్తుందో ప్రేక్షకునికి తెలిసిపోవాలి. అందుచేత చిత్రకారులు అప్పటికే ప్రేక్షకులకు అలవాటైన మూసపాత్రలను ఆశ్రయించారు. బద్ధకస్తుడు, పిసినారి, దొంగ, పిరికివాడు వంటి గుణాలను ఒక్కొక్క జాతికి, ఒక్కొక్క వేషానికి, ఒక్కొక్క యాసకు ముడిపెట్టడం ఆనాటి రంగస్థలంలోనూ, రేడియోలోనూ, సినిమాలోనూ ఉన్న అలవాటే. యానిమేషన్‌లో నటుని శరీరానికి ఉండే హద్దులు లేవు కాబట్టి పెదవులను, కళ్ళను, దంతాలను ఎంతైనా పెద్దవిగా గీయవచ్చు. ఈ సౌలభ్యం వలన మూస చిత్రణ మరింత వికృతంగా తయారైంది.

మిన్‌స్ట్రెల్ రంగస్థల ప్రభావం

19వ శతాబ్దంలో అమెరికాలో మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు విస్తృత ప్రజాదరణ పొందాయి. వీటిలో తెల్లజాతి నటులు ముఖానికి నల్లరంగు పూసుకొని, పెదవులను పెద్దవిగా దిద్దుకొని, నల్లజాతివారిని అనుకరిస్తూ పాటలు పాడి నృత్యం చేసేవారు. థామస్ రైస్ అనే నటుడు 1830లలో ప్రచారంలోకి తెచ్చిన జిమ్ క్రో అనే పాత్ర వీటిలో ప్రసిద్ధమైనది. తరువాతి కాలంలో దక్షిణ రాష్ట్రాల జాతి వివక్ష చట్టాలకు ఈ పాత్ర పేరే వ్యవహారనామమైంది.

యానిమేషన్ పరిశ్రమ ఏర్పడుతున్న రోజులలో ఈ రంగస్థల సంప్రదాయం ఇంకా సజీవంగానే ఉంది. హ్యూ హార్మన్, రుడాల్ఫ్ ఐసింగ్ కలిసి సృష్టించిన బాస్కో పాత్రను 1928లో హక్కుల నమోదు కొరకు సమర్పించినప్పుడు నల్లజాతి బాలుడిగానే పేర్కొన్నారు. 1930లో విడుదలైన సింకిన్ ఇన్ ది బాత్‌టబ్ చిత్రంతో బాస్కో లూనీ ట్యూన్స్ మాలికకు మొదటి నాయకుడయ్యాడు. నల్లని దేహం, తెల్లని చేతి తొడుగులు, పెద్ద కళ్ళు ఉన్న ఆనాటి కార్టూన్ జంతు పాత్రల ఆకృతికి మిన్‌స్ట్రెల్ నటుని వేషంతో సంబంధం ఉన్నదని నికొలస్ సామండ్ 2015లో వెలువరించిన బర్త్ ఆఫ్ యాన్ ఇండస్ట్రీ అనే గ్రంథంలో వాదించాడు.

ఈ ప్రభావం వలన వచ్చిన ఒక చమత్కారం అనేక చిత్రాలలో పదేపదే కనిపిస్తుంది. బాంబు పేలగానే, లేదా పొయ్యిలోని మసి మీద పడగానే పాత్ర ముఖం నల్లబడి, ఒక్క క్షణం నల్లజాతి వ్యక్తిని అనుకరించే వేషంగా మారిపోతుంది. కథతో దీనికి ఎటువంటి సంబంధం ఉండదు. టెలివిజన్ ప్రసారాలలో ఎక్కువగా కత్తిరింపుకు గురైనవి ఇటువంటి దృశ్యాలే.

టామ్ అండ్ జెర్రీ, మామీ టూ షూస్

విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా మెట్రో గోల్డ్‌విన్ మేయర్ (ఎం.జి.ఎం.) స్టూడియోలో రూపొందించిన టామ్ అండ్ జెర్రీ మాలికలో మొదటి చిత్రం పస్ గెట్స్ ది బూట్ 1940 ఫిబ్రవరి 10న విడుదలైంది. ఇందులో పిల్లి పేరు జాస్పర్. ఇంకొక్క వస్తువు పగిలినా ఇంటి నుండి గెంటివేస్తానని ఇంటి పనిమనిషి పిల్లిని హెచ్చరిస్తుంది. అది విన్న ఎలుక వస్తువులను పగలగొడతానని పిల్లిని బెదిరిస్తుంది. మాలికలోని అనేక చిత్రాలకు ఈ ముక్కోణపు కథే పునాది.

ఆ పనిమనిషి పాత్రే మామీ టూ షూస్. ఈ పాత్ర 1940 నుండి 1952 వరకు వచ్చిన చిత్రాలలో కనిపిస్తుంది. భారీకాయం గల నల్లజాతి స్త్రీగా, కాళ్ళకు చెప్పులు, నడుముకు ఏప్రన్‌తో ఆమెను చూపించారు. కెమెరా పిల్లి ఎత్తులో ఉన్నట్లు గీయడం వలన సాధారణంగా ఆమె ముఖం కనిపించదు. 1950లో వచ్చిన శాటర్‌డే ఈవెనింగ్ పస్ చిత్రంలో మాత్రం ఆమె పరుగెత్తుకొని వచ్చే ఒక దృశ్యంలో ముఖం క్షణకాలం కనిపిస్తుంది.

మామీ అనేది అమెరికాలో బానిసత్వ కాలం నాటి జ్ఞాపకాలతో ముడిపడిన మూసపాత్ర. తెల్లవారి ఇంట వంట చేస్తూ, పిల్లలను పెంచుతూ, తనకంటూ వేరే జీవితం లేకుండా యజమాని కుటుంబానికి విధేయంగా ఉండే స్త్రీగా ఈ పాత్రను నవలలు, నాటకాలు, వ్యాపార ప్రకటనలు ప్రచారం చేశాయి. బానిసత్వం కుటుంబ బంధం వంటి సౌమ్యమైన వ్యవస్థ అనే అభిప్రాయాన్ని ఈ పాత్ర కలిగిస్తుందనేది విమర్శకుల ప్రధాన అభ్యంతరం. పస్ గెట్స్ ది బూట్ విడుదలైన 19 రోజులకు, అనగా 1940 ఫిబ్రవరి 29న, గాన్ విత్ ది విండ్ చిత్రంలో మామీ పాత్రధారిణి హాటీ మెక్‌డేనియల్‌కు ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ పురస్కారం లభించింది. ఆస్కార్ పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆమెయే. ఆనాటి నల్లజాతి నటీమణులకు దక్కిన అవకాశాలలో అధికభాగం పనిమనిషి వేషాలే కావడం వలన, ఆ పాత్రలను తిరస్కరిస్తే జీవనోపాధి ఉండదు, అంగీకరిస్తే స్వజాతివారి నుండి విమర్శ తప్పదు అన్న పరిస్థితి ఉండేది.

మామీ టూ షూస్ పాత్రకు గాత్రదానం చేసినది లిలియన్ రాండాల్ఫ్ (1898 - 1980) అనే ఆఫ్రికన్ అమెరికన్ నటి. ది గ్రేట్ గిల్డర్‌స్లీవ్ రేడియో కార్యక్రమంలో బర్డీ పాత్ర ద్వారా, ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ (1946) చిత్రంలో యానీ పాత్ర ద్వారా ఆమె ప్రసిద్ధురాలు. అయితే టామ్ అండ్ జెర్రీ చిత్రాల పేర్ల పట్టికలో ఆమె పేరు వేయలేదు.

చిత్రాలలో ఈ పాత్ర స్థానం ఏకరీతిగా లేదు. కొన్నింటిలో ఆమె కేవలం పనిమనిషి. మరికొన్నింటిలో ఇల్లు తనదే అన్నట్లు మాట్లాడుతుంది. శాటర్‌డే ఈవెనింగ్ పస్‌లో ఆమె చక్కగా అలంకరించుకొని స్నేహితురాళ్ళతో పేకాట ఆడుకొనుటకు వెళుతుంది. మూసపాత్రకు ఉండని సొంత జీవితం ఈ దృశ్యంలో కొంత కనిపిస్తుంది. పుష్ బటన్ కిట్టీ (1952) తరువాత ఆమె మాలికలో కనిపించలేదు. ఆ పాత్రపై నల్లజాతి సంఘాల నుండి నిరసనలు వచ్చిన కాలమది. 1954లో విడుదలైన పెట్ పీవ్ చిత్రం నుండి ఆ ఇంట్లో తెల్లజాతి దంపతులు కనిపిస్తారు.

ఇదే మాలికలో మౌస్ క్లీనింగ్ (1948) చిత్రం చివరలో బొగ్గు మీద పడి నల్లబడిన టామ్, నల్లజాతి వ్యక్తి యాసను అనుకరిస్తూ మామీని మోసగించడానికి ప్రయత్నిస్తాడు. కాసనోవా క్యాట్ (1951) చిత్రంలో టామ్ జెర్రీ ముఖాన్ని పొగతో నల్లగా చేసి నృత్యం చేయిస్తాడు. 2007లో వెలువడిన డి.వి.డి. సంపుటిలో ఈ రెండు చిత్రాలను చేర్చలేదు.

వార్నర్ బ్రదర్స్ చిత్రాలు

వార్నర్ బ్రదర్స్ చిత్రాలలో జాతుల చిత్రణపై అత్యధిక చర్చ జరిగినది కోల్ బ్లాక్ అండ్ డి సెబెన్ డ్వార్ఫ్స్ (1943) గురించి. స్నో వైట్ కథకు పేరడీగా బాబ్ క్లాంపెట్ దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రంలో పాత్రలన్నీ నల్లజాతివారివే. ఆనాటి జాజ్ సంగీతం, వేగవంతమైన కదలికలు దీనికి ఆధారం. నాయిక పాత్రకు వివియన్ డాండ్రిడ్జ్ అనే ఆఫ్రికన్ అమెరికన్ నటి గాత్రదానం చేసింది. నల్లజాతి కళాకారులకు ఇటువంటి అవకాశం లభించడం అరుదు. అయినప్పటికీ పాత్రల ఆకృతి, ప్రవర్తన పాత మూసలోనివే కావడం వలన, 1909లో స్థాపితమైన నేషనల్ అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ కలర్డ్ పీపుల్ (ఎన్.ఎ.ఎ.సి.పి.) ఈ చిత్రాన్ని ఉపసంహరించుకోవాలని కోరింది. 1994లో జెర్రీ బెక్ సంకలనం చేసిన 50 ఉత్తమ కార్టూన్ల జాబితాలో యానిమేషన్ రంగ నిపుణులు ఈ చిత్రానికి 21వ స్థానం ఇచ్చారు. ఒకే చిత్రం కళారంగంలో ఉత్తమ శ్రేణిలోనూ, ప్రసార నిషేధాల జాబితాలోనూ ఉండటం ఈ అంశంలోని చిక్కును సూచిస్తుంది.

సెన్సార్డ్ ఎలెవెన్

వార్నర్ బ్రదర్స్ పాత కార్టూన్ల హక్కులు 1950లలో చేతులు మారి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థకు చేరాయి. 1968లో ఆ సంస్థ 11 చిత్రాలను టెలివిజన్ ప్రసారం నుండి తొలగించింది. కొన్ని దృశ్యాలు కత్తిరించి సరిచేయడానికి వీలు లేదని, జాతుల మూస చిత్రణ మొత్తం చిత్రంలోనే ఉన్నదని భావించిన చిత్రాలు ఇవి. వీటిని సెన్సార్డ్ ఎలెవెన్ అని వ్యవహరిస్తారు. ఆ చిత్రాలు, విడుదల సంవత్సరం, దర్శకుల వివరాలు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

1. హిట్టిన్ ది ట్రయల్ ఫర్ హల్లెలూయా ల్యాండ్ - 1931 - రుడాల్ఫ్ ఐసింగ్
2. సండే గో టు మీటిన్ టైమ్ - 1936 - ఫ్రిజ్ ఫ్రెలెంగ్
3. క్లీన్ పాశ్చర్స్ - 1937 - ఫ్రిజ్ ఫ్రెలెంగ్
4. అంకుల్ టామ్స్ బంగళో - 1937 - టెక్స్ ఏవరీ
5. జంగిల్ జిట్టర్స్ - 1938 - ఫ్రిజ్ ఫ్రెలెంగ్
6. ది ఐల్ ఆఫ్ పింగో పాంగో - 1938 - టెక్స్ ఏవరీ
7. ఆల్ దిస్ అండ్ రాబిట్ స్ట్యూ - 1941 - టెక్స్ ఏవరీ
8. కోల్ బ్లాక్ అండ్ డి సెబెన్ డ్వార్ఫ్స్ - 1943 - బాబ్ క్లాంపెట్
9. టిన్ పాన్ ఆలీ క్యాట్స్ - 1943 - బాబ్ క్లాంపెట్
10. ఏంజెల్ పస్ - 1944 - చక్ జోన్స్
11. గోల్డిలాక్స్ అండ్ ది జైవిన్ బేర్స్ - 1944 - ఫ్రిజ్ ఫ్రెలెంగ్

హక్కులు తరువాత టర్నర్ సంస్థకు, 1996లో టైమ్ వార్నర్‌కు మారినా ఈ ప్రసార నిషేధం కొనసాగింది. 2010 ఏప్రిల్‌లో జరిగిన టి.సి.ఎం. క్లాసిక్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వీటిలో 8 చిత్రాలను ప్రేక్షకుల ముందు ప్రదర్శించారు.

ఇతర జాతుల చిత్రణ

మెక్సికన్లు: స్పీడీ గొంజాలెస్ అనే ఎలుక మొదట 1953లో క్యాట్ టెయిల్స్ ఫర్ టూ చిత్రంలో కనిపించింది. ఆకృతి మార్చిన తరువాత 1955లో స్పీడీ గొంజాలెస్ పేరుతోనే ఫ్రిజ్ ఫ్రెలెంగ్ దర్శకత్వంలో వచ్చిన చిత్రం ఆస్కార్ పొందింది. స్పీడీ తెలివైనవాడు, ధైర్యవంతుడు, తోటి ఎలుకలను పిల్లి బారి నుండి కాపాడే నాయకుడు. కాని చుట్టూ ఉండే ఎలుకలను సోమరులుగా, తాగుబోతులుగా చూపించారు. అతని బంధువు స్లోపోక్ రోడ్రిగెజ్ అత్యంత నిదానస్తుడు. ఈ పాత్రలకు మెక్సికన్ యాసలో గాత్రదానం చేసిన మెల్ బ్లాంక్ మెక్సికన్ కాదు. 1999లో కార్టూన్ నెట్‌వర్క్ ఈ చిత్రాల ప్రసారాన్ని నిలిపివేసింది. స్పీడీని తమ అభిమాన నాయకునిగా భావించే లాటిన్ అమెరికన్ మూలాల ప్రేక్షకులు దీనిని వ్యతిరేకించారు. లీగ్ ఆఫ్ యునైటెడ్ లాటిన్ అమెరికన్ సిటిజన్స్ సంస్థ కూడా వారికి తోడు నిలిచింది. 2002లో చిత్రాలు తిరిగి ప్రసారమయ్యాయి. ఒక చిత్రణ అవమానకరమా కాదా అన్న విషయంలో ఆ జాతివారి అభిప్రాయం, వారి పక్షాన నిర్ణయం తీసుకున్నవారి అభిప్రాయం ఒకటే కానవసరం లేదని ఈ ఉదంతం తెలుపుతుంది.

జపనీయులు: రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో శత్రుదేశాలను పరిహసించే చిత్రాలు అనేకం వచ్చాయి. టోక్యో జోక్యో (1943), బగ్స్ బన్నీ నిప్స్ ది నిప్స్ (1944) చిత్రాలలో జపనీయులను ముందుకు పొడుచుకు వచ్చిన పళ్ళు, మందపాటి కళ్ళద్దాలతో చూపించారు. జర్మనీపై వచ్చిన చిత్రాలలో పరిహాసం ముఖ్యంగా హిట్లర్‌పైనా, నాజీ పార్టీపైనా ఉండగా, జపాన్‌పై వచ్చిన చిత్రాలలో అది జాతి మొత్తంపై ఉంది. ఇవి ప్రదర్శింపబడుతున్న కాలంలోనే, 1942 నుండి, జపాన్ మూలాలున్న సుమారు 1,20,000 మందిని అమెరికా ప్రభుత్వం నిర్బంధ శిబిరాలలో ఉంచింది. వారిలో అధికసంఖ్యాకులు అమెరికా పౌరులే.

అమెరికా మూలవాసులు: తెలుగులో రెడ్ ఇండియన్లుగా వ్యవహరింపబడిన ఈ ప్రజలు కార్టూన్లలో ఈకల తలపాగా, గొడ్డలి, తెగిపోయిన ముక్కల వంటి ఇంగ్లీషు మాటలతో కనిపిస్తారు. హయావాతాస్ రాబిట్ హంట్ (1941), ఎ ఫెదర్ ఇన్ హిజ్ హేర్ (1948) ఇందుకు ఉదాహరణలు. వేర్వేరు భాషలు, ఆచారాలు గల అనేక తెగల మధ్య భేదం ఈ చిత్రాలలో కనిపించదు.

యూదులు: డిస్నీ సంస్థ నిర్మించిన త్రీ లిటిల్ పిగ్స్ (1933) మొదటి ప్రతిలో తోడేలు పెద్ద ముక్కు, గడ్డం గల యూదు చిల్లర వ్యాపారి వేషంలో వచ్చి తలుపు తడుతుంది. 1948లో పునర్విడుదల సమయంలో సంస్థ ఆ దృశ్యాన్ని తిరిగి గీయించింది.

నిరసనలు

నిరసనలు ఇటీవలి కాలంలో మాత్రమే వచ్చాయన్న అభిప్రాయం సరికాదు. ఎన్.ఎ.ఎ.సి.పి. కార్యదర్శి వాల్టర్ వైట్ 1942లో హాలీవుడ్‌కు వెళ్ళి, నల్లజాతివారిని పనివారిగా, విదూషకులుగా మాత్రమే చూపే పద్ధతి మార్చవలెనని స్టూడియో అధిపతులను కోరాడు. వాల్టర్ లాంట్జ్ నిర్మించిన స్క్రబ్ మీ మామా విత్ ఎ బూగీ బీట్ (1941) చిత్రాన్ని 1948లో మరల విడుదల చేసినప్పుడు ఆ సంస్థ నిరసన తెలుపగా, యూనివర్సల్ స్టూడియో దానిని ఉపసంహరించుకుంది.

హాలీవుడ్ స్వయంగా అమలు చేసుకున్న నిర్మాణ నియమావళి ఇతర దేశాల ప్రజలను న్యాయంగా చూపవలెనని నిర్దేశించింది. అయితే స్వదేశంలోని నల్లజాతి పౌరుల పరిహాసాన్ని ఆ నియమావళి అడ్డుకోలేదు. విదేశాలలో చిత్రాల అమ్మకం దెబ్బతింటుందన్న భయం స్టూడియోలకు ఉండేది. అటువంటి వ్యాపార ఒత్తిడి తేగల స్థితి ఆనాటి నల్లజాతి ప్రేక్షకులకు లేదు. దక్షిణ రాష్ట్రాలలో వారికి సినిమా హాలులో వేరు ద్వారం, బాల్కనీలో వేరు స్థలం కేటాయించేవారు.

విమర్శలకు స్పందించి తీసిన చిత్రాలూ ఉన్నాయి. జార్జ్ పాల్ బొమ్మల యానిమేషన్ ద్వారా నిర్మించిన జాస్పర్ మాలికపై విమర్శలు వచ్చాయి. తరువాత అతడు నల్లజాతి జానపద వీరుని కథ ఆధారంగా జాన్ హెన్రీ అండ్ ది ఇంకీ పూ (1946) నిర్మించాడు. నల్లజాతివారి పత్రిక ఎబొనీ ఈ చిత్రాన్ని ప్రశంసించింది.

తెర వెనుక పనివారు

ఈ చిత్రాలను రూపొందించిన స్టూడియోలలో రచయితలు, దర్శకులు, యానిమేటర్లు దాదాపు అందరూ తెల్లజాతి పురుషులే. స్త్రీలలో అధికసంఖ్యాకులు ఇంక్ అండ్ పెయింట్ విభాగంలో, అనగా యానిమేటర్లు గీసిన బొమ్మలను పారదర్శకమైన సెల్ పలకలపై దిద్ది రంగులు వేసే పనిలో ఉండేవారు. ఫ్లైషర్ స్టూడియోలో లిలియన్ ఫ్రైడ్‌మన్, లాంట్జ్ స్టూడియోలో లావెర్న్ హార్డింగ్ 1930లలోనే యానిమేటర్లుగా పనిచేసిన అరుదైన మహిళలు.

1950లలో ఫ్రాంక్ బ్రాక్స్‌టన్ వార్నర్ బ్రదర్స్ సంస్థలోనూ, 1956లో ఫ్లాయిడ్ నార్మన్ డిస్నీ సంస్థలోనూ చేరారు. వీరు ఈ రంగంలో పనిచేసిన తొలితరం ఆఫ్రికన్ అమెరికన్ యానిమేటర్లు. నార్మన్ 1960లలో లియో సల్లివన్‌తో కలిసి విగ్నెట్ ఫిల్మ్స్ సంస్థను స్థాపించి, నల్లజాతివారి చరిత్రపై విద్యా చిత్రాలను నిర్మించాడు. వీరు పరిశ్రమలో ప్రవేశించే నాటికి సినిమా హాళ్ళ కార్టూన్ల యుగం ముగింపు దశకు చేరుకుంది.

టెలివిజన్ కాలంలో మార్పులు

సినిమా హాళ్ళలో ఈ చిత్రాలను అన్ని వయసులవారు చూసేవారు. 1950ల నుండి అవి టెలివిజన్‌కు చేరిన తరువాత పిల్లల కార్యక్రమాలుగా మారాయి. అదే కాలంలో పౌరహక్కుల ఉద్యమం బలపడింది. ఈ రెండు కారణాల వలన ప్రసార సంస్థలు పాత చిత్రాలను సవరించడం ఆరంభించాయి.

1960లలో టామ్ అండ్ జెర్రీ చిత్రాలను అమెరికా టెలివిజన్ కొరకు సిద్ధం చేసినప్పుడు చక్ జోన్స్ బృందం కొన్ని చిత్రాలలో మామీ టూ షూస్ పాత్రను తొలగించి, ఆ స్థానంలో సన్నని తెల్లజాతి స్త్రీని గీసింది. కొత్త పాత్రకు జూన్ ఫోరే గాత్రదానం చేసింది. శాటర్‌డే ఈవెనింగ్ పస్‌లో పేకాటకు వెళ్ళే నడివయసు స్త్రీ స్థానంలో నృత్యానికి వెళ్ళే యువతిని చేర్చారు. 1990లలో టర్నర్ సంస్థ బొమ్మను అలాగే ఉంచి, యాసను తగ్గించి థియా విడేల్ అనే ఆఫ్రికన్ అమెరికన్ నటిచేత మాటలను తిరిగి చెప్పించింది.

ఈ సవరణల వలన అభ్యంతరకరమైన మూసపాత్ర తొలగిపోయింది. అయితే మాలిక ఆరంభం నుండి ఉన్న ఏకైక నల్లజాతి పాత్ర కూడా దానితోపాటే తొలగిపోయింది. లిలియన్ రాండాల్ఫ్ పేరు మొదటి నుండి తెరపై లేదు. సవరించిన ప్రతులలో ఆమె గొంతు సైతం లేకుండా పోయింది.

2001లో కార్టూన్ నెట్‌వర్క్ బగ్స్ బన్నీ చిత్రాలన్నింటినీ వరుసగా ప్రసారం చేయాలని నిర్ణయించి, చివరకు జాతుల చిత్రణ కారణంగా 12 చిత్రాలను విడిచిపెట్టింది.

వివరణతో విడుదల

2000లలో డి.వి.డి. సంపుటాలు వెలువడినప్పుడు మరొక పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. 2005లో విడుదలైన లూనీ ట్యూన్స్, టామ్ అండ్ జెర్రీ సంపుటాలకు నటి వూపీ గోల్డ్‌బర్గ్ పరిచయ ప్రసంగం చేసింది. ఆనాటి పరిహాసాలు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పేనని, అయితే వాటిని తొలగిస్తే ఆ వివక్ష అసలు లేనేలేదని చెప్పినట్లవుతుందని ఆమె ప్రసంగ సారాంశం. వార్నర్ బ్రదర్స్ తరువాతి సంపుటాలలో ఇదే భావంతో హెచ్చరిక వాక్యాలను చేర్చింది. 2014లో అమెజాన్, ఐట్యూన్స్ సేవలలో టామ్ అండ్ జెర్రీ చిత్రాలకు ఇటువంటి హెచ్చరిక జోడించారు. డిస్నీ ప్లస్ సేవ 2019లో ఆరంభమైనప్పుడు క్లుప్తమైన హెచ్చరిక ఉండగా, 2020 అక్టోబరులో దానిని మరింత విపులంగా మార్చారు.

ఈ పద్ధతిపై కూడా రెండు రకాల విమర్శలు ఉన్నాయి. చదవడం రాని చిన్నపిల్లలకు హెచ్చరిక వాక్యం వలన ప్రయోజనం లేదని కొందరి అభిప్రాయం. పాత చిత్రాలను నేటి ప్రమాణాలతో కొలవడం తగదని మరికొందరి అభిప్రాయం. చిత్రాలు వెలువడిన కాలంలోనే నిరసనలు నమోదై ఉండటం వలన రెండవ వాదన పూర్తిగా నిలవదు. అవి ఆ కాలపు ప్రమాణాలు అన్నప్పుడు, ఆ కాలంలోనే అభ్యంతరం చెప్పినవారిని లెక్కలోనికి తీసుకోనట్లవుతుంది.

అధ్యయనాలు

ఈ అంశంపై 1990ల నుండి పలు గ్రంథాలు వెలువడ్డాయి. కార్ల్ కోహెన్ రచించిన ఫర్బిడెన్ యానిమేషన్ (1997) సెన్సారు చరిత్రను వివరిస్తుంది. హెన్రీ శాంప్సన్ రచించిన దట్స్ ఎనఫ్, ఫోక్స్ (1998) నల్లజాతి పాత్రలు గల చిత్రాలను క్రోడీకరించింది. క్రిస్టొఫర్ లేమన్ రచించిన ది కలర్డ్ కార్టూన్ (2007) 1907 నుండి 1954 వరకు వచ్చిన చిత్రాలను పరిశీలించింది. జాజ్ సంగీతం, నృత్యం, జానపద కథల రూపంలో నల్లజాతి సంస్కృతి నుండి అమెరికా యానిమేషన్ ఎంతో గ్రహించిందని, ఆ సంస్కృతికి చెందినవారికి మాత్రం గౌరవప్రదమైన స్థానం ఇవ్వలేదని ఇటువంటి అధ్యయనాల వలన తెలుస్తున్నది.

భారతదేశంలో

భారతదేశంలో కార్టూన్ నెట్‌వర్క్ ఛానల్ 1995లో ఆరంభమైంది. టామ్ అండ్ జెర్రీ తెలుగువారి ఇళ్ళలో కూడా సుపరిచితమైన కార్యక్రమం. ఈ చిత్రాలలో మాటలు బహుస్వల్పం కాబట్టి అనువాదం లేకుండానే హాస్యం అర్థమవుతుంది. అయితే హాస్యం అర్థమైనంత సులభంగా దాని వెనుక ఉన్న చరిత్ర అర్థం కాదు. చెప్పులు తొడిగిన రెండు కాళ్ళు, ఒక చీపురు మాత్రమే కనబడే ఇల్లాలిగా తోచే పాత్ర వెనుక బానిసత్వ కాలం నాటి మూస ఉన్నదని, మసి పూసుకొన్న ముఖం చూసి నవ్వడం వెనుక మిన్‌స్ట్రెల్ రంగస్థలం ఉన్నదని తెలిసినప్పుడు ఈ చిత్రాలు కేవలం పిల్లల వినోదంగా కాక, ఒక కాలపు సమాజానికి సాక్ష్యాలుగా కూడా కనిపిస్తాయి.

ఇవి కూడా చూడండి

- టామ్ అండ్ జెర్రీ
- వాల్ట్ డిస్నీ
- యానిమేషన్
- అమెరికా పౌరహక్కుల ఉద్యమం
- ఆస్కార్ పురస్కారాలు